అభ్యర్థి అఫిడవిట్ చూపించే ఎన్నికల సంఘం వెబ్‌సైట్, కేవైసీ యాప్: దర్శి వైపు నుంచి ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు స్టార్లు. యాప్‌కి విడిగా ఇవ్వాలంటే మూడున్నర ఇస్తాను, వెబ్‌సైట్‌కి రెండున్నర. అందులో దొరికే కాగితం మాత్రం చాలా విలువైనది, అలాంటిది ఒకటి ఉందని తెలియకుండానే మా వైపు ఊళ్లలో చాలామంది ఓటేసి వచ్చేస్తున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను మాట్లాడేది ఎమ్మెల్యేకో ఎంపీకో పోటీ చేసే ప్రతి ఒక్కరూ నామినేషన్‌తో పాటు ఇవ్వాల్సిన అఫిడవిట్ గురించి. ఫారం 26 అంటారు దాన్ని. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్లో, 2022లో వచ్చిన 'నో యువర్ క్యాండిడేట్' (కేవైసీ) యాప్‌లో ఎవరైనా చూడొచ్చు, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. 2024 ఎన్నికలప్పుడు ప్రకాశం జిల్లాలోని మా దర్శిలోనూ పక్క నియోజకవర్గాల్లోనూ నిలబడ్డ వాళ్లవి కొన్ని డౌన్‌లోడ్ చేసి, జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించి, సాయంత్రాలు ఊళ్లో అరుగు మీద పెద్దవాళ్లకి చదివి వినిపించాను. ఏ అభ్యర్థి పేరూ, ఏ పార్టీ పేరూ ఇక్కడ రాయను, ఈ రివ్యూ వాళ్ల గురించి కాదు.

ఈ కాగితం మనకి ఎవరూ దయతో ఇచ్చింది కాదని కూడా చెప్పాలి. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు కోర్టుకెళ్తే, 2002 మే 2న సుప్రీంకోర్టు అభ్యర్థి మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని తీర్పిచ్చింది. అప్పుడేం జరిగిందంటే, మామూలు రోజుల్లో ఒకరినొకరు తిట్టుకునే పార్టీలన్నీ ఒక్కటైపోయి, ఆ తీర్పుకి అడ్డంగా ముందు ఆర్డినెన్స్, ఆ తర్వాత చట్ట సవరణ తెచ్చాయి. 2003 మార్చి 13న ఆ సవరణని కూడా కోర్టు కొట్టేసింది. అంటే ఇవాళ ఫోన్‌లో రెండు నిమిషాల్లో తెరుచుకుంటున్న ఈ కాగితాన్ని ఆపడానికి దేశంలోని నాయకులంతా కలిసి ప్రయత్నం చేశారన్నమాట. అది గుర్తు పెట్టుకుని చదివితే ప్రతి పేజీ వేరేగా కనిపిస్తుంది.

వాడటం విషయానికొస్తే, యాప్ సులువే. రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల ఫొటోలు వరసగా వస్తాయి, కేసులు ఉన్నాయా లేవా అనేది అక్కడే కనిపిస్తుంది. అఫిడవిట్ అక్కడినుంచే దించుకోవచ్చు. తలనొప్పి అంతా ఆ దించుకున్న పీడీఎఫ్ తోనే. స్టాంపు పేపర్ మీద టైపు చేయించి, నోటరీ చేయించి, ప్రతి పేజీ మీద సంతకం పెట్టిన కాగితాలని స్కాన్ చేసి పెడతారు, అంటే అది ఫొటోల కట్ట. అందులో ఒక మాట వెతకలేం, అంకెలు కాపీ చేయలేం. ఫోన్ తెర మీద పెద్దది చేసుకుంటూ, పక్కకి జరుపుకుంటూ చదవాలి. నేను చూసిన వాటిలో ఎక్కువ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఓటు అడిగేది తెలుగులో, హామీలు ఇచ్చేది తెలుగులో, ఆస్తుల లెక్క మాత్రం ఊళ్లో పదిమందికి అర్థం కాని భాషలో ఉంటే ఎట్లా? ఒక స్టార్ పూర్తిగా ఇక్కడే తీసేశాను. ప్రతి అఫిడవిట్‌కీ తెలుగు ప్రతి తప్పనిసరి చేయాలి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక లోపల ఏముంటుందో చూద్దాం. అభ్యర్థికి, భార్యకి లేదా భర్తకి, ఉమ్మడి కుటుంబానికి, ఆధారపడ్డ పిల్లలకి విడివిడిగా గడులు ఉంటాయి. గత ఐదేళ్లు ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపించిన ఆదాయం, చేతిలో ఉన్న నగదు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, ఎవరికైనా ఇచ్చిన అప్పులు, వాహనాలు, బంగారం బరువుతో సహా. తర్వాత భూములు, ఇళ్లు, షాపులు. తర్వాత అప్పులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు. వృత్తి ఏంటి, ఆదాయం ఎక్కడినుంచి వస్తోంది, ప్రభుత్వంతో కాంట్రాక్టులు ఏమన్నా ఉన్నాయా. చదువు. చివర్లో పార్ట్ బి అని అన్నిటి సారాంశం. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, లేకపోతే లేదనే రాయాలి. అడిగాక కూడా ఖాళీ వదిలిన వాళ్ల నామినేషన్ తిరస్కరించొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

మా అరుగు మీద అందరికంటే ఎక్కువ చర్చ నడిచింది వ్యవసాయ భూముల పేజీ మీద. ఎందుకంటే అక్కడ ఊరి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కొన్నదా, కొంటే ఏ తేదీన ఎంతకి కొన్నారు, ఇప్పటి మార్కెట్ విలువ ఎంత, అన్నీ ఉంటాయి. ఒకాయన అఫిడవిట్లో సర్వే నంబరు చదవగానే మా మామయ్య ఆపాడు. "ఆగరా అబ్బాయ్, అది మేజర్ కాల్వ పక్కన చేను కదా, మెయిన్ రోడ్డుకి ఆనుకునే ఉంటది, ఎకరా ఎంతని రాశాడు?" అన్నాడు. నేను అంకె చదివితే అక్కడున్న వాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చుట్టుపక్కల ఎకరా ఆ రేటుకి ఎవరూ అమ్మరు, పొగాకు వేసే మెట్ట చేనుకి కూడా అంతకంటే ఎక్కువ పలుకుతోంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క రాసి ఉంటారని ఒకాయన అన్నాడు. కావచ్చు. కానీ ఫారంలో అడిగింది ఇప్పటి మార్కెట్ విలువ. సంతకం పెట్టిన మనిషికీ అది తెలుసు, నోటరీ చేసిన వాళ్లకీ తెలుసు, చదువుతున్న మాకూ తెలుసు. దాన్ని సరిచూసే వాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఈ సర్వీసులో నాకు కనిపించిన అతి పెద్ద లోపం ఇదే. కాగితం తీసుకుంటారు, స్కాన్ చేస్తారు, పెడతారు. నామినేషన్ తీసుకునే రిటర్నింగ్ అధికారి పని గడులు నిండాయా, సంతకాలున్నాయా, ఫారం సరిగా ఉందా చూడటం వరకే, అందులో రాసింది నిజమా అని విచారణ చేసే టైమూ లేదు, అధికారమూ లేదు. తప్పుడు అఫిడవిట్ ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష పడినా దానంతట అది పదవి పోగొట్టదు. దీన్ని కనీసం రెండేళ్లు చేయాలి, పోటీకి అనర్హత కూడా వేయాలి అని లా కమిషన్ 2014లోనే 244వ నివేదికలో చెప్పింది, ఆ నివేదిక అలాగే పడుంది. ఏ పార్టీ మేనిఫెస్టోలోనైనా ఈ మాట ఉంటుందేమోనని చూస్తుంటాను, నా కంటికి ఎప్పుడూ కనపడలేదు.

కేసుల పేజీ గురించి కూడా చెప్పాలి. ఇక్కడ యాప్‌ని మెచ్చుకుంటాను. పెండింగ్ కేసులు ఉన్నవాళ్లు ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, కోర్టు, అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్నీ రాయాలి. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం పోలింగ్ లోపు మూడుసార్లు పేపర్లోనూ టీవీలోనూ ప్రకటన కూడా ఇవ్వాలి. 2020 ఫిబ్రవరిలో ఇంకో అడుగు ముందుకేసి, కేసులున్న మనిషికే టికెట్ ఎందుకిచ్చారో, కేసుల్లేని వాళ్లు ఎందుకు దొరకలేదో పార్టీ చెప్పాలంది, గెలుస్తాడు కాబట్టి ఇచ్చామంటే కుదరదంది. మంచి తీర్పు. కానీ పార్టీలు రాసే కారణాలు తీసి చూడండి, ప్రజల్లో మంచి పేరుంది, సమాజ సేవ చేశారు, కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి, ఇవే మాటలు అటూ ఇటూ తిప్పి రాస్తారు. ధర్నా చేస్తే పెట్టిన కేసూ, చీటింగ్ కేసూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి సెక్షన్లు తెలియని వాళ్లకి తేడా అర్థం కాదు. ప్రతి సెక్షన్ పక్కన అదేంటో ఒక్క తెలుగు వాక్యం ఉంటే చాలు. అరుగు మీద నేను ఫోన్‌లో ఒక్కో సెక్షన్ వెతికి చెప్పేసరికి చీకటి పడిపోయేది.

ఇంతా చదివాక మా పక్కింటి పిన్ని ఒక మాట అడిగింది. "నాయనా, ఆస్తులు సరే, కేసులు సరే, పోయినసారి మనకి చెప్పినవి ఏమయినాయో అందులో ఏమన్నా రాశారా?"

లేదు పిన్నీ. ఆ గడి ఫారంలో లేదు.

అది లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో మా జిల్లా కంటే బాగా ఎవరికి తెలుసు? వెలిగొండ ప్రాజెక్టునే తీసుకోండి. పశ్చిమ ప్రకాశానికి కృష్ణా నీళ్లు రావాలని పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు దానికి. శంకుస్థాపన జరిగింది 1996లో. ఆ తర్వాత ఇంకో ముఖ్యమంత్రి వచ్చి మళ్లీ పనులు మొదలుపెట్టారు. శ్రీశైలం వెనక జలాల నుంచి కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18.8 కిలోమీటర్లు, 43.5 టీఎంసీల నీళ్లు తీసుకోవాలని ప్రణాళిక. 2024 మార్చి 6న సొరంగాలని జాతికి అంకితం చేశారు, సరిగ్గా పది రోజులకి, మార్చి 16న, ఎన్నికల కోడ్ వచ్చింది. అప్పటికి నీళ్లు రాలేదు, సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ లాంటి ముంపు ఊళ్ల వాళ్లకి పరిహారం పూర్తిగా అందలేదు. 1996లో పుట్టిన పిల్లకి 2024 నాటికి పెళ్లయి పిల్లలు ఉంటారు. ఇన్నేళ్లలో ఎన్ని ఎన్నికలు జరిగాయి, ఎంతమంది ఆ నీళ్ల పేరు చెప్పి గెలిచారు, ఏ ఒక్కరి అఫిడవిట్లోనూ దాని గురించి ఒక్క లైను రాయాల్సిన పని పడలేదు. మా దొనకొండ సంగతీ అంతే, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దిగుడు స్థలం, చుట్టూ ప్రభుత్వ భూమి, ప్రతి ఎన్నికకీ ఇక్కడికి ఫ్యాక్టరీలు వస్తాయంటారు, ఓట్లయ్యాక ఆ మాటే వినపడదు.

మేనిఫెస్టోలు ఉన్నాయి కదా అంటారు. 2024లో మాకు పోలింగ్ మే 13న. రెండు ప్రధాన పక్షాల మేనిఫెస్టోలు వచ్చింది ఏప్రిల్ 27న ఒకటి, ఏప్రిల్ 30న ఒకటి. నామినేషన్లు ముగిసింది ఏప్రిల్ 25. అంటే అభ్యర్థి ఎవరో ఖాయమై, అఫిడవిట్ చేతికొచ్చి, మేనిఫెస్టో కూడా వచ్చేసరికి ఓటరుకి మిగిలింది రెండు వారాలు. ఆ రెండు వారాల్లో మైకులు, ర్యాలీలు, ఎండ, పొగాకు వేలం సీజను, ఇవన్నీ దాటుకుని ఎవరు చదువుతారు? హామీలకి డబ్బు ఎక్కడినుంచి తెస్తారో మేనిఫెస్టోలో చెప్పాలని ఎన్నికల సంఘం మార్గదర్శకాల్లో ఉంది. అది పాటించకపోతే ఏమీ కాదు. మేనిఫెస్టోలో ఇచ్చిన హామీలు చట్టం ప్రకారం అవినీతి కిందికి రావని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది కూడా. కాబట్టి అడ్డుకట్ట ఏదన్నా ఉంటే అది మనం అడిగే ప్రశ్నే.

డబ్బు పంపిణీ గురించి మాట్లాడకుండా ఈ రివ్యూ పూర్తి కాదు. దానికి వేరే యాప్ ఉంది, సీ-విజిల్, 2018లో వచ్చింది. డబ్బులు పంచుతున్నా, మందు పంచుతున్నా, చీరలు పంచుతున్నా అక్కడికక్కడే ఫొటో గానీ రెండు నిమిషాల వరకు వీడియో గానీ తీసి పంపొచ్చు, పేరు చెప్పక్కర్లేదు, లొకేషన్ దానంతట అదే వెళ్తుంది, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలి. 2024 ఎన్నికల్లో మే నెల మధ్యకే దేశం మొత్తం మీద 4.24 లక్షల పైన ఫిర్యాదులు వచ్చాయని ఎన్నికల సంఘం చెప్పింది. డిజైన్ వరకు ఇది మంచి యాప్. ఫోన్‌లో ముందే ఉన్న ఫొటో పెట్టనివ్వదు కాబట్టి పాత ఫొటోలతో అబద్ధపు ఫిర్యాదులు చేయడం కష్టం. కానీ అదే నిబంధన మా ఊళ్లలో ఇబ్బంది. కవర్లు చేతులు మారేది రాత్రి పూట, ఇంటి లోపల, ఇచ్చేది మన బంధువో, మనకి పొలం కౌలుకిచ్చిన ఆసామో, పిల్లాడి ఫీజుకి అప్పిచ్చిన మనిషో. వాళ్ల ముందు ఫోన్ ఎత్తి వీడియో తీసేదెవరు? పేరు దాచినా ఆ గదిలో ఉన్నది నలుగురే అయితే ఎవరు పంపారో తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. తెల్లారితే అదే ఊళ్లో బతకాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు, పార్టీ పెట్టే ఖర్చుకి అసలు పరిమితే లేదు. మా వైపు ఒక్క మండలంలో ప్రచారం చూసిన ఎవరినైనా అడగండి, ఆ 40 లక్షల లెక్క నమ్ముతారేమో.

డబ్బు తీసుకునే వాళ్లని తిట్టడం నాకు ఇష్టం లేదు. ఐదేళ్లు ఏమీ చేయని మనిషి దగ్గర ఇప్పుడన్నా ఏదో ఒకటి వస్తోంది అనుకుంటున్నారు వాళ్లు. ఆ అనుకోవడం వెనక ఉన్న నిరాశే నాకు కోపం తెప్పిస్తుంది. మా పక్కనే నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని తిరగబడితే ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించాల్సి వచ్చింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటూ మొదలైన ఉద్యమం అది. చదవడం వచ్చాక మొదట అడిగిన ప్రశ్న మా జీవితం ఇలా ఎందుకుంది అని. నాయకుల విషయానికొచ్చినా మన నేల గొడ్డుపోయింది కాదు. లాయరుగా సంపాదించిందంతా ప్రజల కోసం పెట్టేసి, ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఏమీ మిగుల్చుకోకుండా 1957లో పోయిన టంగుటూరి ప్రకాశం పేరే మా జిల్లాకి ఉంది. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఆస్తి వదిలేసి పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లాడు. వాళ్ల రోజుల్లో ఫారం 26 లేదు. ఉండుంటే ఒక్క పేజీలో అయిపోయేది.

ఎన్నికల సంఘానికి నేను అడిగేవి పెద్ద కోరికలేం కాదు. తెలుగు ప్రతి. వెతకడానికి వీలయ్యే టైపు. అదే అభ్యర్థి పోయినసారి ఇచ్చిన అఫిడవిట్ పక్కనే కనిపించడం. గెలిచిన వాళ్లవి కొన్నయినా తీసి, లాటరీ పద్ధతిలో అయినా సరే, ఆదాయపు పన్ను శాఖతో, రిజిస్ట్రేషన్ శాఖతో సరిచూసి ఆ ఫలితం బయట పెట్టడం. సిట్టింగ్ ఎమ్మెల్యే అయితే అసెంబ్లీకి ఎన్ని రోజులు వచ్చారు, ఎన్ని ప్రశ్నలు అడిగారు, నియోజకవర్గం నిధులు ఎక్కడ ఖర్చు పెట్టారు అనే ఒక్క పేజీ. ఎంపీల హాజరు, ప్రశ్నలు పీఆర్ఎస్ అనే సంస్థ వెబ్‌సైట్లో చక్కగా దొరుకుతాయి, ఒంగోలు, నెల్లూరు, బాపట్ల ఎంపీలవి ఇప్పుడే చూసుకోవచ్చు. ఎమ్మెల్యేలవి అంత సులువుగా దొరికే చోటు నాకు కనిపించలేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వాడాలనుకునే వాళ్లకి చివరిగా పనికొచ్చే మాట. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడితే విసుగొచ్చి వదిలేస్తారు. ముందు పార్ట్ బి తెరవండి, మొత్తం లెక్క రెండు మూడు పేజీల్లో ఉంటుంది. తర్వాత కేసుల పేజీ. తర్వాత భూముల పేజీ తీసి, ఆ ఊళ్ల పేర్లు తెలిసిన పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి, సర్వే నంబర్ల సంగతి గూగుల్ కంటే వాళ్లకే బాగా తెలుసు. మళ్లీ నిలబడ్డ మనిషైతే 2019దీ 2024దీ రెండూ ప్రింటు తీయించండి, పాతవి మైనేత వెబ్‌సైట్లో కూడా ఉంటాయి. ఆదాయం గడి ఒకటి, ఆస్తుల మొత్తం గడి ఒకటి, ఈ రెండే పక్కపక్కన పెట్టి చూడండి. ఐదేళ్ల ఆదాయం కూడితే వచ్చేదానికీ, ఐదేళ్లలో పెరిగిన ఆస్తికీ పొంతన లేకపోతే, భూమి రేట్లు పెరిగాయని చెప్తారు, కొంతవరకు నిజమే కావచ్చు, అందుకే కొన్న తేదీలు కూడా చూడండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని, ప్రచారానికి మీ వీధికి వచ్చినప్పుడు అడగండి. గౌరవంగానే, "అయ్యా, ఇక్కడ మీరే సంతకం పెట్టారు, ఇది కాస్త చెప్పండి" అని అడగండి.